ఫోమల్‌హాట్ బి: పన్నెండేళ్లు గ్రహంగా చలామణీ అయిన దుమ్ము

నా పని గురించి ఇంట్లో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తాను: నక్షత్రాన్ని చెరిపేసి, పక్కన ఏం మిగిలిందో చూడటం. కరోనాగ్రాఫ్‌తో, అంటే నక్షత్రాన్ని మూసేసే పరికరంతో, తీసిన ఫొటోల్లోంచి నక్షత్రపు వెలుగును తీసేసే ప్రోగ్రాములు రాస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు ఆ పని నేర్పుతాను. ఏ బ్యాచ్ వచ్చినా మొదట చేతిలో పెట్టే కేసు మాత్రం ఒకటే. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఎవరైనా దించుకుని చూడొచ్చు.

కేసు ఇది. 2008 నవంబర్ 13న బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన పాల్ కలాస్, ఆయన బృందం సైన్స్ పత్రికలో ఒక ఫొటో వేశారు. ఫోమల్‌హాట్ అనే నక్షత్రం చుట్టూ దుమ్ము వలయం, ఆ వలయం లోపలి అంచుకు కాస్త ఇవతల ఒక చుక్క. 2004లో ఒక చోట, 2006లో ఇంకొంచెం పక్కన. మామూలు కంటికి కనిపించే కాంతిలో నేరుగా ఫొటోకు చిక్కిన తొలి పరాయి గ్రహం అని ప్రపంచమంతా రాసుకుంది. ఆ చుక్కే ఫోమల్‌హాట్ బి. 2015లో దానికి డాగన్ అని అధికారికంగా పేరు కూడా పెట్టారు. 2020లో ఆరిజోనా యూనివర్సిటీకి చెందిన అండ్రాష్ గాస్పర్, జార్జ్ రీకీ పాత ఫొటోలన్నీ మళ్లీ తిరగేసి, అది గ్రహం కాదు, రెండు పెద్ద మంచు శకలాలు ఢీకొన్నప్పుడు లేచిన దుమ్ము అన్నారు.

ఇందులో మోసం లేదు. చేతకానితనమూ లేదు. 2008 పేపర్ ఇవాళ చదివినా చాలా జాగ్రత్తగా రాసిందే అనిపిస్తుంది. నన్ను ఈ కేసు వదలకపోవడానికి కారణం వేరు. గ్రహం కాదనడానికి కావలసిన అసలు సాక్ష్యం మొదటి రోజు నుంచీ అదే పేపర్లో ఉంది. చుక్క కదిలిందన్న సంబరంలో, దాని రంగు చెబుతున్న మాట వెనకబడింది.

నక్షత్రం ఎక్కడుంది

కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో డాబా ఎక్కి దక్షిణం వైపు చూస్తే, ఖాళీగా కనిపించే ఆకాశంలో ఒంటరిగా ఒక తెల్లటి నక్షత్రం ఉంటుంది. చుట్టుపక్కల దానికి పోటీ వచ్చేది ఏదీ ఉండదు. హైదరాబాద్ నుంచి చూస్తే దిక్చక్రానికి సుమారు 43 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి సగం దూరంలో. గుర్తుపట్టడానికి ఇంకో దారి ఉంది. పూర్వాభాద్ర నక్షత్రానికి చెప్పే రెండు చుక్కలను కలిపి ఒక గీత గీసి, దాన్ని దక్షిణానికి సాగదీస్తే ఆ గీత ఫోమల్‌హాట్ దగ్గరకే తీసుకెళ్తుంది. అరబ్బీలో ఆ పేరుకు ‘చేప నోరు’ అని అర్థం. దక్షిణ మీనం అనే నక్షత్ర మండలంలో అదొక్కటే బాగా వెలిగేది.

దూరం 25 కాంతి సంవత్సరాలు. ఆకాశం లెక్కల్లో ఇది పక్కిల్లే. సూర్యుడికి దాదాపు రెండింతల బరువు, పదహారు రెట్లకు పైగా వెలుగు. వయసు సుమారు 44 కోట్ల ఏళ్లు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లని గుర్తు పెట్టుకుంటే ఇది ఇంకా కుర్ర నక్షత్రమే. 2008 నాటికి దాని వయసు ఇంకా తక్కువని, 20 కోట్ల ఏళ్లకు అటూఇటూ అని లెక్కేసుకున్నారు. ఆ తేడా తర్వాత పనికొస్తుంది. దీనికి ఇద్దరు తోబుట్టువులు కూడా ఉన్నారు. ఒకటి దక్షిణ మీనంలోనే ఉంది. రెండోది ఎంత దూరంగా ఉందంటే, మన ఆకాశంలో ఏకంగా కుంభరాశి మండలంలో కనిపిస్తుంది. ఆ మూడో చిన్న ఎర్ర నక్షత్రానికి కూడా సొంతంగా ఒక దుమ్ము వలయం ఉందని హెర్షెల్ టెలిస్కోప్ పట్టుకుంది.

వలయం

ఫోమల్‌హాట్ చుట్టూ ఏదో ఉందని మొదట చెప్పింది ఫొటో కాదు, వేడి. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనబడని వేడి కాంతిలో, ఆకాశమంతా గాలించింది. పరికరాన్ని సరిచూసుకోవడానికి వేగా నక్షత్రం వైపు తిప్పితే, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది. తప్పు పరికరంలో లేదు. వేగా చుట్టూ చల్లటి దుమ్ము ఉంది, నక్షత్రం దగ్గర వేడి తీసుకుని దూర ఇన్‌ఫ్రారెడ్‌లో వదిలేస్తోంది. అదే తీరు ఫోమల్‌హాట్‌లో, బీటా పిక్టోరిస్‌లో, ఎప్సిలాన్ ఎరిడానీలో కనిపించింది. ఈ రంగంలో నలుగురు పెద్దలంటే ఇవే.

ఆ దుమ్ము నక్షత్రం పుట్టినప్పటి నుంచి అలాగే పడి ఉందనుకోవడానికి వీల్లేదు. బాగా చిన్న రేణువులను నక్షత్రపు కాంతే బయటకు తోసేస్తుంది. కొంచెం పెద్దవి నెమ్మదిగా లోపలికి జారతాయి, లేదా ఒకదానికొకటి రాసుకుని పిండై అవీ తోసివేతకు గురవుతాయి. 44 కోట్ల ఏళ్లలో అంతా ఊడ్చుకుపోవాలి. ఊడ్చిన వాకిట్లో రోజూ దుమ్ము కనిపిస్తోందంటే ఎక్కడో రోజూ రాళ్లు కొడుతున్నారన్నమాట. అందుకే దీన్ని డెబ్రిస్ డిస్క్ అంటారు. గ్రహాలు కట్టగా మిగిలిన రాళ్లు, తోకచుక్కలు ఢీకొంటూ కొత్త దుమ్మును పుట్టిస్తూనే ఉంటాయి. 2012లో హెర్షెల్ డేటాతో వేసిన లెక్క ప్రకారం, ఫోమల్‌హాట్ వలయం అలా నిలబడాలంటే కిలోమీటరు సైజు తోకచుక్కలు రోజుకు 2,000 దాకా నుజ్జు కావాలి. మన సౌరకుటుంబంలో నెప్ట్యూన్ అవతల ఉన్న కైపర్ బెల్ట్ ఇలాంటిదే, కాకపోతే ఇప్పుడు వయసుడిగి ప్రశాంతంగా ఉంది.

2005లో కలాస్, జేమ్స్ గ్రాహమ్, మార్క్ క్లాంపిన్ హబుల్‌తో ఆ వలయాన్ని మొదటిసారి కనిపించే కాంతిలో స్పష్టంగా ఫొటో తీశారు. ఇక్కడ ఒక కొలత చెప్పుకోవాలి. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, ఒక ఏయూ. నెప్ట్యూన్ 30 ఏయూల దగ్గర ఉంది. ఫోమల్‌హాట్ వలయం లోపలి అంచు 133 ఏయూల దగ్గర, కత్తితో కోసినట్టు ఉంది. అంతకన్నా వింత, వలయం నడిబొడ్డున నక్షత్రం లేదు. కేంద్రం 15 ఏయూల పక్కకు జరిగి ఉంది. తిరగలి రాయి ఇరుసు మీద కాకుండా పక్కకు బిగించినట్టు.

కోసినట్టున్న అంచు, పక్కకు జరిగిన కేంద్రం, రెండూ కలిస్తే ఎవరైనా ఒకటే అంటారు: లోపల ఒక గ్రహం ఉండి వలయాన్ని గురుత్వాకర్షణతో లాగుతోంది. 2006లో ఆలిస్ క్విలెన్ ఆ గ్రహం ఎక్కడ ఉండాలో లెక్క కూడా వేసింది. అంటే 2008 కల్లా గ్రహానికి కుర్చీ వేసి, పేరు రాసి పెట్టేశారు. సరిగ్గా ఆ కుర్చీ పక్కన ఒక చుక్క కనిపిస్తే దాన్ని అతిథి కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఈ మాట నేను ఎగతాళికి అనడం లేదు. నేనైనా అదే అనేవాణ్ణి.

ఫొటో ఎలా వస్తుంది, ఎలా మోసం చేస్తుంది

నక్షత్రానికీ ఆ చుక్కకూ వెలుగులో తేడా వంద కోట్ల రెట్లకు పైనే. కరోనాగ్రాఫ్ అంటే నక్షత్రం మీద పెట్టే చిన్న మూత. మూత పెట్టినా అంచుల నుంచి వెలుగు చిందుతుంది. ఆ చిందిన వెలుగు టెలిస్కోప్ అద్దాల్లోని సూక్ష్మమైన తేడాల వల్ల గీతలుగా, చుక్కలుగా మచ్చలు కడుతుంది. ఆ మచ్చల్లో కొన్ని అచ్చం గ్రహంలా ఉంటాయి.

దీనికి విరుగుడు హబుల్‌ను కాస్త తిప్పడం. మచ్చలు టెలిస్కోప్‌వి కాబట్టి టెలిస్కోప్‌తో పాటే తిరుగుతాయి, కెమెరాలో కదలవు. ఆకాశంలో ఉన్నది మాత్రం కెమెరాలో చోటు మారుతుంది. తిప్పకముందు ఫొటోలోంచి తిప్పిన తర్వాత ఫొటోను తీసేస్తే మచ్చలు పోతాయి, ఆకాశానిది మిగులుతుంది. ఆ తర్వాత ఫొటోలన్నిటినీ ఉత్తరం పైకి వచ్చేలా వెనక్కి తిప్పి కలిపితే అసలు వస్తువులు గట్టిపడతాయి.

నేను ఈ పని నేర్చుకున్న కొత్తలో 2006 ఫైళ్ల మీదే చేయి తిరగేసుకున్నాను. మూడో రోజు రాత్రి పదకొండింటికి స్క్రీన్ మీద ఒక చుక్క బదులు రెండు చుక్కలొచ్చాయి. నక్షత్రం నుంచి రెండూ ఒకే దూరంలో, దాదాపు 12.7 ఆర్క్‌సెకండ్ల దగ్గర. ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఒకదానికొకటి యాభై పిక్సెళ్ల ఎడం. గుండె కొట్టుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. పక్క గదిలో మా సీనియర్ ఉన్నారు, తెలుగాయనే. పిలిచాను.

ఆయన వచ్చి, నిలబడే చూశారు. “ఏమయ్యా, రెండు గ్రహాలా?”

“అవును సర్, రెండూ ఒకే దూరంలో ఉన్నాయి.”

“బాగుంది. మరి ఆ మూల ఉన్న గెలాక్సీ కూడా కవలేనా?”

అప్పుడు చూశాను. ఫొటోలో ఉన్న ప్రతి నేపథ్య నక్షత్రం, ప్రతి గెలాక్సీ జంటగా ఉంది. ఫైలు హెడర్‌లో టెలిస్కోప్ ఎంత తిరిగి ఉందో చెప్పే కోణం ఉంటుంది. దాన్ని నేను కలపాల్సిన చోట తీసేశాను, తీసేయాల్సిన చోట కలిపాను. మూడు డిగ్రీల తిప్పుడు ఉన్న జత ఫైళ్లవి. గుర్తు తిరగబడేసరికి తప్పు ఆరు డిగ్రీలైంది. 12.7 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఆరు డిగ్రీలంటే 1.33 ఆర్క్‌సెకండ్లు, ఆ కెమెరా పిక్సెల్ 0.025, భాగిస్తే 53 పిక్సెళ్లు. ఆయన కాగితం మీద ఈ లెక్క వేయించి వెళ్లిపోయారు. టెన్షన్ దిగడానికి రెండు టీలు పట్టింది.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. నాకు కావలసిన చుక్కను చూసే ముందు, నాకు అక్కర్లేని గెలాక్సీని చూస్తాను. అది గుండ్రంగా, ఒంటరిగా, తన చోట తను ఉంటేనే మిగతా పని.

2008లో నిజంగా ఏం తెలిసింది

కలాస్ బృందం చుక్క విషయంలో ఆ జాగ్రత్తలన్నీ పడింది. ఫోమల్‌హాట్ ఆకాశంలో ఏడాదికి సుమారు 0.37 ఆర్క్‌సెకండ్లు జరుగుతుంది. 2004కూ 2006కూ మధ్య గడిచింది ఒకటిముప్పావు ఏడాది, అంటే పాతిక పిక్సెళ్లకు పైగా జరుగుడు. వెనకాల ఎక్కడో ఉన్న నక్షత్రమైతే ఆ పాతిక పిక్సెళ్లూ వెనకబడిపోవాలి. ఈ చుక్క వెనకబడలేదు, ఫోమల్‌హాట్‌తో పాటే వచ్చింది. పైగా తనంతట తాను మరో 0.18 ఆర్క్‌సెకండ్లు, ఏడెనిమిది పిక్సెళ్లు, జరిగింది. 25 కాంతి సంవత్సరాల దూరంలో అది 1.4 ఏయూ. సుమారు 115 ఏయూల దూరంలో, ఇంత బరువున్న నక్షత్రం చుట్టూ ఒక వస్తువు తిరిగితే ఏడాదికి 0.8 ఏయూ కదలాలి. కాగితం మీద లెక్క, ఫొటోలో కొలత చక్కగా అతికాయి. ఒక చుట్టు తిరగడానికి దాదాపు 870 ఏళ్లు.

కాబట్టి చుక్క ఫోమల్‌హాట్ దగ్గరదే. అందులో అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. ఫోమల్‌హాట్ చుట్టూ తిరిగేదంతా గ్రహమే కానక్కర్లేదు అన్నదే పేచీ.

ఇక రంగు. కుర్ర గ్రహం లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ వేడి ఇన్‌ఫ్రారెడ్‌లో బయటికొస్తుంది. కనిపించే కాంతిలో అది దాదాపు చీకటి. అదే రోజు, అదే పత్రికలో హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడు గ్రహాల ఫొటో కూడా వచ్చింది. అవి ఇన్‌ఫ్రారెడ్‌లో ధగధగలాడాయి, ఇవాళ్టికీ గ్రహాలే. ఫోమల్‌హాట్ చుక్క సరిగ్గా తలకిందులు. కనిపించే కాంతిలో ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌లో వెతికితే లేదు. దాని రంగు గ్రహానిది కాదు, నక్షత్రానిదే. అద్దంలో పడ్డ దీపంలా, తనది కాని వెలుగును తిప్పి పంపే వస్తువు రంగు.

ఇది దాచిన విషయం కాదు, పేపర్లోనే చర్చించారు. గ్రహం చుట్టూ శనికి ఉన్నట్టు పెద్ద వలయం ఉండి, అది నక్షత్రపు వెలుగును తిప్పి పంపుతోందని ప్రతిపాదించారు. బృహస్పతి వ్యాసార్థానికి 20 నుంచి 40 రెట్ల వలయం. వినడానికి బాగానే ఉంది. కానీ నా పిల్లలతో నేను ఇక్కడ ఆగుతాను. మనం చూసింది వలయపు వెలుగే అయితే, గ్రహాన్ని మనం చూడలేదు. చూసింది దుమ్మును. దుమ్ము కింద గ్రహం ఉందన్నది మన ఊహ. ఆ రోజు శీర్షిక ‘ఫోమల్‌హాట్ దగ్గర తిరుగుతున్న దుమ్ము ముద్ద’ అని పెట్టి ఉంటే ఇవాళ్టికీ ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అలాంటి శీర్షికకు పేపర్లలో మొదటి పేజీ దొరకదన్నది వేరే సంగతి.

ఆ తర్వాత పరుగులు

2012లో మార్కస్ జాన్సన్ బృందం స్పిట్జర్ టెలిస్కోప్‌తో ఇన్‌ఫ్రారెడ్‌లో, 4.5 మైక్రాన్ల తరంగాల దగ్గర గట్టిగా వెతికి, అక్కడ ఏమీ లేదని చెప్పింది. పెద్ద గ్రహమైతే తప్పకుండా కనిపించాల్సిన చోటు అది. దాంతో బరువు మీద ఉన్న పరిమితి బృహస్పతి కన్నా కిందికి దిగింది. నక్షత్రం వయసు 44 కోట్ల ఏళ్లకు పెరగడం వల్ల, గ్రహం ఇంకా చల్లారి ఉంటుంది కదా అని వాదించే వీలు కొంత మిగిలింది. మరోపక్క వేరే బృందాలు హబుల్ పాత డేటాను తమ పద్ధతుల్లో కడిగి, చుక్క ఉన్నమాట నిజమే అని నిర్ధారించాయి. మచ్చ కాదు, వస్తువే. అంటే రెండు వర్గాలూ ఒప్పే. ఒకరు ‘ఉంది’ అన్నారు, ఒకరు ‘గ్రహంలా లేదు’ అన్నారు. గ్రాంట్ కెన్నెడీ, మార్క్ వ్యాట్ అయితే గ్రహం చుట్టూ చిన్న చిన్న ఉపగ్రహాల గుంపు ఉండి, అవి ఢీకొంటూ దుమ్ము లేపుతున్నాయేమో అన్నారు.

ఈలోగా ఒక పెద్ద నష్టం జరిగింది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2004, 2006 ఫొటోలు తీసిన హబుల్ కెమెరా 2007 జనవరిలో విద్యుత్ లోపంతో ఆగిపోయింది. 2009లో వ్యోమగాములు వెళ్లి ఆ పరికరంలో కొంత భాగాన్ని బతికించారు గానీ, సన్నని పిక్సెళ్లు, కరోనాగ్రాఫ్ ఉన్న భాగం మళ్లీ లేవలేదు. 2010 తర్వాత ఫొటోలన్నీ స్టిస్ అనే వేరే పరికరంతో తీసినవి. దాని పిక్సెల్ రెట్టింపు పెద్దది. మూత ఆకారం వేరు. రంగు ఫిల్టర్ లేదు. ఆటగాడు మధ్యలో బ్యాటు మారిస్తే పరుగులు పోల్చవచ్చు, షాట్లు పోల్చడం కష్టం. చుక్క తగ్గుతోందా, పెరుగుతోందా, సాగుతోందా అన్న ప్రశ్నలకు జవాబు అంత ఆలస్యం కావడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

2013లో కలాస్ బృందం 2010, 2012 ఫొటోలు కలిపి కక్ష్యను మళ్లీ గీసింది. వలయాన్ని మలిచే పెద్దమనిషి తరహా గుండ్రని కక్ష్య కాదు. బాగా సాగిన కక్ష్య, ఒక చుట్టుకు 2,000 ఏళ్ల దరిదాపు, వలయాన్ని అడ్డంగా దాటినా దాటవచ్చు. నిజంగా బరువైన గ్రహమే అలా తిరుగుతూ ఉంటే వలయం ఇన్ని కోట్ల ఏళ్లు అంత సన్నగా, అంత పొందికగా ఉండదు. చెరుకు తోటలో ఏనుగు తిరిగితే సాళ్లు నిలబడవు. 2017లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో మెరెడిత్ మాక్‌గ్రెగర్ బృందం వలయాన్ని పూర్తిగా గీసింది. వ్యాసార్థం 136 ఏయూలు, వెడల్పు 13.5 ఏయూలు మాత్రమే. నక్షత్రానికి దూరంగా ఉన్న కొస కాస్త ఎక్కువ వెలుగుతోంది. దూరపు కొస దగ్గర శకలాలు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి, మలుపు దగ్గర ఊరేగింపు నెమ్మదించి జనం మూగినట్టు అక్కడ దుమ్ము గుమిగూడుతుంది. అందమైన ఫొటో. ఏనుగు నడిచిన జాడ మాత్రం లేదు.

2014: ఖాళీ చోటు

గాస్పర్, రీకీ చేసింది వినడానికి చిన్న పని. అప్పటిదాకా ప్రచురించని తర్వాతి హబుల్ ఫొటోలను కూడా కలిపి, 2004 నుంచి 2014 దాకా అన్నిటినీ ఒకే పద్ధతిలో మళ్లీ ప్రాసెస్ చేశారు. చుక్క ఏటికేడు మసకబారుతూ, సైజు పెరుగుతూ వచ్చి, 2014 ఫొటోలో లేనేలేదు. పైగా దాని దారి కక్ష్యలా వంగడం లేదు, నక్షత్రాన్ని వదిలి బయటకు పోయే దారిలా ఉంది.

గ్రహం మసకబారదు, ఉబ్బదు, పారిపోదు. దుమ్ము ఈ మూడూ చేస్తుంది.

వాళ్ల కథనం ఇది. ఒక్కోటి సుమారు 200 కిలోమీటర్ల వెడల్పున్న రెండు మంచు శకలాలు 2004కు కొద్దికాలం ముందు ఢీకొన్నాయి. పుట్టిన దుమ్ములో చాలా భాగం మైక్రాన్ సైజు, అంటే వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. రెండు శకలాలు గ్రహంతో పోలిస్తే గింజలు. వాటి దుమ్ము 25 కాంతి సంవత్సరాల నుంచి కనిపించడం ఏమిటి అని క్లాసులో ప్రతిసారీ ఎవరో అడుగుతారు. నేను ముగ్గు సంగతి చెబుతాను. గుప్పెడు సుద్దరాయి వాకిట్లో ఒక మూల పడి ఉంటే వీధి చివరి నుంచి కనబడదు. దాన్నే పిండి చేసి ముగ్గేస్తే వాకిలంతా తెల్లగా కనిపిస్తుంది. బరువు అదే, వెలుగు పడే ఒళ్లు మారింది. వెలుగు తిప్పి పంపడానికి బరువుతో పని లేదు, ఒళ్లు కావాలి.

ఇన్‌ఫ్రారెడ్ చీకటికీ జవాబు ఇక్కడే ఉంది. ఫోమల్‌హాట్‌కు 115 ఏయూల దూరంలో ఒక మామూలు వస్తువు వేడి సుమారు 50 కెల్విన్లు, అంటే మైనస్ 220 డిగ్రీల సెల్సియస్ దరిదాపు. అంత చల్లటిది స్పిట్జర్ వెతికిన 4.5 మైక్రాన్ల దగ్గర ఏమీ వెదజల్లదు. సొంత వేడి లేని దుమ్ము నక్షత్రం రంగులోనే కనిపిస్తుంది, వేడి కోసం వెతికితే మాయమవుతుంది. 2008లో తలకిందులనిపించిన రంగు, దుమ్ముకు మాత్రం సొంత రంగే.

మాయం కావడం కూడా లెక్కకు అందుతుంది. 2020 నాటికి మేఘం భూమి కక్ష్య కన్నా పెద్దదై ఉంటుందని వాళ్ల అంచనా. భూమి కక్ష్య అడ్డంగా రెండు ఏయూలు. ఫోమల్‌హాట్ దూరంలో ఒక ఏయూ 0.13 ఆర్క్‌సెకండ్లు, రెండంటే 0.26, స్టిస్‌లో ఐదు పిక్సెళ్లు. ఒక పిక్సెల్‌లో ముద్దగా ఉన్న వెలుగు ఐదు బై ఐదు గడిలోకి పరుచుకుంటే ఒక్కో పిక్సెల్ వాటా పాతికో వంతు. మచ్చల హోరులో పాతికో వంతు వినబడదు. మేఘం నాశనం కాలేదు, పల్చబడింది.

నాకు ఈ పేపర్లో ఒకే ఒక్క చోట గొంతు దిగలేదు. ఇలాంటి ఢీ ఫోమల్‌హాట్‌లో రెండు లక్షల ఏళ్లకు ఒకసారి జరుగుతుందని లెక్క. అలాంటప్పుడు సరిగ్గా మనం హబుల్‌ను అటు తిప్పిన ఆ పదేళ్లలో జరగడం మరీ అదృష్టం కాదా? రెండు లక్షల ఏళ్లకోసారి పూచే పువ్వు మనం డాబా ఎక్కిన రాత్రే పూసిందంటే, పువ్వును కాదు, లెక్కను అనుమానించాలి.

వెబ్ చూసిన మూడు వలయాలు

2023 మేలో గాస్పర్ బృందమే జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫొటోలు ప్రచురించింది. ఇన్‌ఫ్రారెడ్‌లో ఫోమల్‌హాట్ చుట్టూ ఒకటి కాదు, మూడు పట్టీలు. బయటి వలయం తెలిసిందే. దాని లోపల ఇంకొకటి, కాస్త వంకరగా. అంతకు లోపల నక్షత్రం దిశగా పరుచుకున్న వెచ్చటి దుమ్ము. మన ఆస్టరాయిడ్ బెల్ట్‌లా సన్నని పట్టీ ఒకటి ఉంటుందని ఎదురుచూస్తే ఇంత గందరగోళం కనిపించింది. మధ్యలో ఖాళీలున్నాయి కాబట్టి వాటిని ఊడ్చే గ్రహాలు ఉండే ఉంటాయి. కానీ ఈసారి ఎవరూ తొందరపడి పేరు పెట్టలేదు.

అయినా ఒక ముక్క జారింది. బయటి వలయంలో ఒక ప్రకాశవంతమైన ముద్ద కనిపిస్తే దాన్ని ‘మహా దుమ్ము మేఘం’ అన్నారు, ఇంకో పెద్ద ఢీ తాలూకు అవశేషమని. కొద్ది నెలల్లోనే కెన్నెడీ, మరికొందరు పాత ఆల్మా, కెక్ టెలిస్కోపుల డేటా తీసి చూపించారు. ఆ ముద్ద వెనకాల ఎక్కడో ఉన్న గెలాక్సీ అయ్యే అవకాశమే ఎక్కువ. వలయం దాని మీదుగా వచ్చింది, అంతే. మా సీనియర్ అడిగిన ప్రశ్నే మళ్లీ: ఆ మూల ఉన్న గెలాక్సీ సంగతేంటి?

రెండో చుక్క

2023లో కలాస్ బృందం హబుల్‌ను మళ్లీ అటు తిప్పింది. ఫొటోలో చుక్క ఉంది. పాత ‘బి’ మళ్లీ దొరికిందని మొదట అనుకున్నారు. పాత ఫొటోల పక్కన పెట్టి కొలిస్తే చోటు కుదరలేదు. బి అప్పటికి ఉండాల్సిన దారిలో ఇది లేదు. పాత ఫొటోల్లో ఆ చోట ఏమీ లేదు. 2025 డిసెంబర్‌లో సైన్స్ పత్రికలోనే రాశారు: ఇది రెండో ఢీ. పాత చుక్కకు సీఎస్1, కొత్తదానికి సీఎస్2 అని పేర్లు, సీఎస్ అంటే నక్షత్రం చుట్టూ ఉన్న మూలం అని. పదిహేడేళ్ల కిందట ‘గ్రహం’ అని ప్రకటించిన ఆయనే, అదే పత్రికలో, తన పాత చుక్క కూడా ఢీలో పుట్టిన దుమ్మే అన్నారు. మా రంగంలో ఇలాంటి పేపర్ తరచుగా చదవం.

లక్షల ఏళ్లకోసారి అన్నది ఇరవై ఏళ్లలో రెండుసార్లు జరిగింది. రెండూ వలయం లోపలి అంచు దగ్గరే, ఒకదానికొకటి మరీ దూరం కాకుండా. కాబట్టి నా గొంతు దిగని లెక్క నిజంగానే తప్పు. శకలాల సంఖ్యైనా తప్పుగా వేశాం, లేదా అవి అంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయన్నదైనా తప్పు. నాకు రెండోదే అనిపిస్తుంది. ఏదో ఒక గ్రహం, ఇంకా కనిపించనిది, వలయంలో ఆ వైపు శకలాల దారులను గజిబిజి చేస్తుండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే, పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఊహ అనే చెబుతాను.

ఈ కేసు వల్ల నా పని తీరులో మారింది ఒకటుంది. చుక్క దొరికితే ఇదివరకు నేను మొదట అడిగేది ‘కదిలిందా?’ అని. ఇప్పుడు మొదట అడిగేది ‘ఏ రంగులో కనిపించింది, ఏ రంగులో కనిపించలేదు?’ అని. కదలిక అది ఎవరి చుట్టూ తిరుగుతోందో చెబుతుంది. అదేమిటో చెప్పేది రంగు. రిపోర్టు ఫారంలో గ్రహం అనే గడి తీసేసి ‘మూలం’ అని పెట్టించాను. రెండేళ్ల తేడాతో కనీసం మూడు ఫొటోలు, ఒకే పరికరంతో, లేకపోతే ఆ గడి నింపకూడదు. ఒకే పరికరంతో అన్న షరతు మీద ప్రతిసారీ గొడవ జరుగుతుంది, టెలిస్కోప్ సమయం ఎవరిస్తారని. గొడవ న్యాయమైనదే. నేను మాత్రం తగ్గను.

సీఎస్2 వైపు హబుల్, వెబ్ రెండూ మళ్లీ చూస్తాయి. ఆ ఫైళ్లు బయటకు వచ్చిన రోజు నేను కొలవబోయేది చుక్క వెలుగు కాదు. నక్షత్రం నుంచి బయటికి గీసిన గీత వెంబడి దాని పొడవు, ఆ గీతకు అడ్డంగా దాని వెడల్పు. నక్షత్రపు కాంతి చిన్న రేణువులను బయటకు తోస్తున్నట్టయితే మొదటిది రెండోదాని కన్నా ముందు పెరగాలి. దానికన్నా ముందు, అలవాటు ప్రకారం, ఆ మూల ఉన్న గెలాక్సీని చూస్తాను.